టోకెన్‌కి కట్టిన దారం

కామర్సు చదివి, ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో లెక్కలు చూసుకుంటూ వచ్చిన నాలాంటివాడు సెల్‌ఫోన్ యాప్‌లు ఎలా తయారు చేస్తారో రాయబోవడం కొంచెం సాహసమే. మా ఆవిడ కూడా, "మీకు తెలిసిన వడ్డీ లెక్కల మీద రాసుకోక, ఈ గొడవ ఎందుకు?" అంది. అయినా రాస్తున్నాను. ఒక పెద్దావిడకు నావల్ల ఒక పూట భోజనం తప్పింది. అది ఎలా తప్పిందో కనుక్కోబోతే ఈ చదువు అబ్బింది. పెద్దల జాబితాలు, చందాదారుల జాబితాలు మన సంఘాలన్నిటిలోనూ ఉన్నాయి. వాటిని ఫోన్లలోకి ఎక్కిస్తున్న పిల్లలు కూడా మన ఇళ్లన్నిటిలోనూ ఉన్నారు. కాబట్టి నా అనుభవం ఒకరిద్దరికైనా పనికొస్తుందని నమ్మకం.

బెంగళూరులో మా సంఘానికి ఒక పాత ఆనవాయితీ ఉంది. ఉగాది రోజున అందరం ఒకచోట చేరి భోజనం చేస్తాం. రాలేని పెద్దవాళ్లకు, ముఖ్యంగా ఒంటరిగా ఉండేవాళ్లకు, కుర్రవాళ్లు క్యారియర్లలో ఇంటికే పట్టుకెళ్లి ఇస్తారు. ఉగాది పచ్చడి, పులిహోర, మామిడికాయ పప్పు, ఓళిగలు. మీలో కొందరు వాటిని బొబ్బట్లంటారు. పదార్థాల సంగతి ఎలా ఉన్నా, పండగ పూట మనవాళ్లు ఒకరు తలుపు తట్టి, "బాగున్నారా అమ్మా" అని తెలుగులో పలకరించడమే వాళ్లకు అసలు భోజనమని నా అభిప్రాయం.

మా సంఘంలో 412 కుటుంబాలు. ఇంటిపేర్ల అక్షరక్రమంలో ఒక పొడుగు నోటుబుక్కులో రాసి ఉండేవి. కోశాధికారిని కాబట్టి ప్రతి ఏడూ ఆ పుస్తకం ముందేసుకుని, క్యారియర్ పంపవలసిన పేర్ల పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టేవాణ్ణి. మరుసటి ఏడు రబ్బరుతో చెరిపేవాణ్ణి. చెరిపి చెరిపి కాగితం పలచబడింది.

మా తమ్ముడి కూతురు ఇక్కడే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తోంది. 2024 ఉగాదికి రెండు నెలల ముందు ఆ పుస్తకం చూసి నవ్వి, "పెదనాన్నా, దీన్ని ఫోన్లో పెట్టిస్తాను. పేరు మీద వేలు పెడితే ఆ వరస పసుపు రంగులోకి మారుతుంది. ఎంచుకోవడం అయ్యాక ఒక్క నొక్కు నొక్కితే కుర్రవాళ్లందరికీ జాబితా వెళ్లిపోతుంది," అంది. ఉగాది కదా, పసుపు రంగే బాగుంటుందన్నాను. ఆఫీసు నుంచి వచ్చాక, రాత్రిళ్లు కూర్చుని మూడు వారాల్లో తయారు చేసింది.

ఒక ఆదివారం మా ఇంట్లోనే దాన్ని మొదటిసారి చూశాను. మూడో పేరు మీద వేలు పెట్టాను. వరసంతా నిండుగా పసుపైంది. ముచ్చటేసింది. వేలితో జాబితాను పైకి జరుపుతూ పోయాను. పదిహేనో పేరు దగ్గర ఇంకొక పసుపు వరస కనిపించింది. దాన్ని నేను ముట్టుకోలేదు. ఇంకొంచెం కిందికి వెళితే మరొకటి. వెనక్కి వస్తే నేను ఎంచిన మూడో పేరు తెల్లగా ఉంది, నాలుగోది పచ్చగా ఉంది!

"ఏమిటమ్మా ఇది, ఊసరవెల్లిలా?" అన్నాను.

అమ్మాయి తల పట్టుకుని, "అయ్యో, వరసలు తిరిగి వాడతారన్న సంగతి మరిచిపోయాను పెదనాన్నా. ఈ పని చేసేవాళ్లందరూ ఒక్కసారైనా చేసే తప్పు," అంది. తిరిగి వాడడమేమిటని అడిగాను. చెప్పింది. అది వింటుంటే నాకు మా పాత బ్యాంకు కౌంటరు కళ్ల ముందుకు వచ్చింది.

అమ్మాయి చెప్పింది ఇదీ. జాబితాలో 412 పేర్లున్నా ఫోన్ తెర మీద ఒకసారి కనపడేవి ఎనిమిదో తొమ్మిదో. అందుకని ఫోను 412 వరసల్ని తయారు చేయదు. పదీ పన్నెండు మాత్రమే చేసి పెట్టుకుంటుంది. మనం జాబితాను పైకి జరిపినప్పుడు పై అంచు దాటి మాయమైన వరసను పారేయదు. దాన్నే తీసుకుని, పాత పేరు చెరిపి, కొత్త పేరు రాసి, కింది అంచు నుంచి పంపిస్తుంది. మనకు మాత్రం అంతులేని కాగితం చుట్ట విప్పుతున్నట్టు ఉంటుంది. జరిగేది బావిలో ఏతాంబానలా కొన్ని వరసలే దిగడం, నిండడం, పైకి రావడం.

ఇంత పొదుపు ఎందుకన్నాను. ఫోను తెర మామూలుగా సెకనుకు 60 సార్లు తిరిగి గీయబడుతుందట. కొన్ని ఫోన్లలో 90 సార్లు, 120 సార్లు. అంటే ఒక్కొక్కసారికీ దొరికే వ్యవధి సుమారు 16 మిల్లీసెకన్లు, లేదా అంతకన్నా తక్కువ. ఆ కాస్త వ్యవధిలో కొత్త వరసను పుట్టించి, అక్షరాలు కూర్చి, చోటు కొలిచి పెట్టాలంటే జాబితా కుదుపులతో కదులుతుంది. ఉన్న వరసనే మళ్లీ వాడితే సాఫీగా జారుతుంది. 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్లలోని లిస్ట్‌వ్యూ నాటి నుంచీ ఇదే పద్ధతి. 2014లో, ఆండ్రాయిడ్ 5 వచ్చిన ఏడాది, దాని స్థానంలోకి వచ్చిన దానికి పేరే రీసైక్లర్‌వ్యూ అని పెట్టారు. ఐఫోన్లలోని జాబితాలూ మొదటి నుంచి ఇలా తిరిగి వాడుకునే గడులతోనే నడుస్తాయి.

ఇక మా అమ్మాయి చేసిన తప్పు. నేను వేలు పెట్టగానే ఆమె ప్రోగ్రాము ఆ వరసకే పసుపు పూసింది. ఆ వరస పైకి వెళ్లి, పేరు మార్చుకుని, కింద నుంచి వచ్చింది. పేరు మారింది గాని పసుపు పోలేదు. ఎవరో పదిహేనో ఆయన నా ప్రమేయం లేకుండానే పచ్చబడ్డాడు.

ఇక్కడే నాకు టోకెన్ గుర్తుకు వచ్చింది.

1991లో నేను గుమాస్తాగా చేరిన మొదటి శాఖ శిడ్లఘట్టలో. పట్టుగూళ్ల సంతకు పేరున్న ఊరు. తెలుగూ కన్నడమూ కలిసి పారే ఊరు. అప్పటికి మా శాఖలో కంప్యూటర్ లేదు. డబ్బు తీసుకోవడానికి వచ్చినవారి చెక్కు గాని, ఫారం గాని నేను తీసుకుని, దాని వెనక టోకెన్ నంబరు వేసి, గుండ్రటి ఇత్తడి టోకెన్ ఒకటి చేతిలో పెట్టేవాణ్ణి. చెక్కు లెడ్జరుకు, అక్కడి నుంచి ఆఫీసరు దగ్గరకు, చివరికి క్యాషియరు దగ్గరకు వెళ్లేది. క్యాషియరు నంబరు పిలిచి, టోకెన్ పుచ్చుకుని డబ్బు ఇచ్చేవాడు. ఆ టోకెన్ మళ్లీ నా సొరుగులోకి వచ్చి, ఇంకొకరి చేతిలోకి వెళ్లేది. టోకెన్లు 50 ఉంటే, సంత రోజున రెండు వందల మంది వచ్చినా వాటితోనే గడిచిపోయేది.

ఒక శనివారం రీలింగు నడిపే ఒకాయన వచ్చాడు. కూలీల బట్వాడాకి అన్నీ ఐదు రూపాయల, పది రూపాయల నోట్లే కావాలన్నాడు. కొత్త ఉత్సాహంలో నేను ఆయనకిచ్చిన 27వ టోకెన్ బెజ్జానికి ఒక ఎర్ర దారం కట్టి, "దారం ఉంటే చిన్న నోట్లు" అని క్యాషియరుతో చెప్పి వచ్చాను. ఆయన పని చక్కగా జరిగింది. టోకెన్ దారంతో సహా నా సొరుగులోకి తిరిగి వచ్చింది. తొందరలో నేను చూసుకోకుండా దాన్ని ఇంకొకరికి ఇచ్చాను. ఆయన గూళ్లమ్మిన డబ్బు తీసుకుని కూతురి పెళ్లి బేరానికి వెళుతున్న రైతు. నాలుగు వేలకు క్యాషియరు ఆయన చేతిలో ఎనిమిది ఐదు రూపాయల కట్టలు పెట్టాడు. లెక్కపెట్టుకునేసరికి బస్సు వెళ్లిపోయింది. ఆయన నన్ను తిట్టలేదు. దండం పెట్టి, "సామీ, నాకెందుకయ్యా ఈ చిల్లర?" అన్నాడు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

మా హెడ్ క్యాషియరు నన్ను పిలిచి చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఏమప్పా, టోకెను మనిషిదా? పొద్దున్నుంచి పది చేతులు మారతాది అది. ఏదన్నా గుర్తు పెట్టాలంటే చెక్కు వెనకాల రాయి. చెక్కు ఆ మనిషిది."

ఈ కథ చెబితే మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. తెర మీది వరస టోకెన్ లాంటిది. జాబితాలోని మనిషి వివరం చెక్కు లాంటిది. ఎవరిని ఎంచామన్న గుర్తును వివరాల పక్కన దాచుకోవాలి. తెర మీదికి వరస వచ్చే ప్రతిసారీ, "ఈ మనిషి ఎంపికైనవాడా?" అని ఆ గుర్తును చూసి రంగు వేయాలి. ఎంపికైతే పసుపు, కాకపోతే తెలుపు. రెండో మాట ముఖ్యమట. చాలామంది "ఎంపికైతే పసుపు" అని మాత్రం రాసి ఊరుకుంటారు. కాకపోతే తెలుపు పూయమని చెప్పకపోతే, వరస వెనకటి మనిషి పసుపుతోనే వస్తుంది. హోటల్లో పళ్లెం కడగకుండా ఇంకొకరికి వడ్డించినట్టు. నా ఎర్ర దారమూ అంతే. కట్టడం గుర్తున్న నాకు విప్పడం గుర్తు లేదు.

అరగంటలో సరిచేసింది. ఎన్నిసార్లు పైకీ కిందికీ జరిపినా ఎంచిన పేర్లే పచ్చగా ఉన్నాయి. ఇక భయం లేదనుకున్నాను. కనపడే తప్పు కనపడని తప్పుకన్నా ఎంత మేలో అప్పటికి నాకు తెలియదు.

2024లో ఉగాది ఏప్రిల్ 9, మంగళవారం. క్రోధి నామ సంవత్సరం. అంతకు ముందు శుక్రవారం రాత్రి కూర్చుని 38 మంది పెద్దల పేర్లు ఎంచాను. యాప్‌లో పైన 38 అని చూపించింది. నా పాత నోటుబుక్కులోనూ 38. బ్యాంకువాడికి లెక్క సరిపోతే కలిగే నిద్ర వేరు. హాయిగా పడుకున్నాను. సోమవారం సాయంత్రం జాబితా పంపే మీట నొక్కాను. అప్పుడూ 38 అనే ఉంది.

ఉగాది మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక ఫోను. ఒక పెద్దాయన కొడుకు. "నాన్నగారికి క్యారియర్ ఇంకా రాలేదండీ." పావుగంటకు ఇంకొకటి. కంగారుగా ఇద్దరికీ వేరే క్యారియర్లు కట్టించి పంపాను. ఈలోగా ఇద్దరు సభ్యులు నవ్వుతూ, "ఈసారి మాకు కూడా పంపారే, మేము ఇక్కడికే వచ్చాం కదా!" అని అడిగారు. ఏదో పొరపాటు అనుకుని పనిలో పడిపోయాను.

మూడో ఇంటి నుంచి ఫోను రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

ఆమె ఇక్కడి తెలుగు బడిలో చాలాకాలం పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న టీచరమ్మగారు. ఎనభై దాటాయి. పిల్లలు దూరదేశంలో ఉన్నారు. రెండు రోజుల తరవాత మా ఆవిడ వేరే పని మీద ఫోను చేస్తే మాటల్లో తెలిసింది. పన్నెండింటికే పట్టుచీర కట్టుకుని కూర్చుందట. రెండున్నర దాకా చూసి, కాస్త అన్నం వండుకుని ఆవకాయతో తిన్నదట. "పెద్ద సంఘం కదమ్మా, ఒక్కొక్కసారి పేరు జారిపోతుంది. నేనున్నానని గుర్తు లేదేమో," అన్నదట.

ఆ రాత్రి అమ్మాయిని పిలిపించాను. కోప్పడదామనే పిలిపించాను, దాచడమెందుకు. పంపిన జాబితాను, నోటుబుక్కును పక్కపక్కన పెట్టి చూశాం. ముప్పై అయిదు పేర్లు సరిగ్గా ఉన్నాయి. చివరి మూడు మాత్రం తప్పు. మూడు చోట్లా మనం ఎంచిన పేరుకు సరిగ్గా పై పేరు వెళ్లింది. అమ్మాయి చాలాసేపు చూసి, "ఆదివారం ఎవరినైనా కొత్తగా చేర్చారా పెదనాన్నా?" అంది. నేను చేర్చలేదు. కార్యదర్శిగారు తన ఫోన్ నుంచి ఒక కొత్త కుటుంబాన్ని చేర్చారు. వాళ్ల ఇంటిపేరు 'వ'తో మొదలవుతుంది. టీచరమ్మగారిది 'స'.

అప్పుడు అర్థమైంది. మొదటి తప్పు దిద్దినప్పుడు ఆమె గుర్తును వరస మీద నుంచి తీసి వివరాల దగ్గర పెట్టిన మాట నిజమే. అయితే "ఫలానా మనిషి" అని పెట్టలేదు. "మూడోది, పదిహేడోది, మూడు వందల తొంభయ్యోది" అని స్థానాల లెక్కన పెట్టింది. 'వ' దగ్గర ఒక కొత్త పేరు దూరగానే, దాని తరవాతి వాళ్లందరూ ఒక మెట్టు కిందికి దిగారు. గుర్తులు మాత్రం కదలక పాత మెట్ల మీదే ఉండిపోయాయి. ఎవరికి వారి పైనున్న వారి మీద పసుపు పడింది. మొత్తం మాత్రం 38కి 38!

బి.కాం.లో ట్రయల్ బ్యాలన్సు పాఠం చెప్పేటప్పుడు మా లెక్చరరు మొదటే హెచ్చరించేవారు. రెండు వైపులా మొత్తం సరిపోయినంత మాత్రాన పద్దులు సరిగ్గా ఉన్నాయని కాదు. ఒకరి ఖాతాలో వేయవలసిన జమను అదే మొత్తానికి ఇంకొకరి ఖాతాలో వేస్తే, మొత్తం ఎప్పటికీ సరిపోతూనే ఉంటుంది. పరీక్షలో దీనికి మార్కులు తెచ్చుకున్నాను. బ్యాంకులో ఎందరికో చెప్పాను. నా సొంత సంఘం దగ్గరకు వచ్చేసరికి 38ని 38తో పోల్చి నిద్రపోయాను. కోప్పడదామని పిలిచిన వాణ్ణి, కోపం సగం నా మీదికే తిప్పుకున్నాను.

అమ్మాయి ఆ వారంలోనే దాన్ని మళ్లీ రాసింది. ఇప్పుడు ఎంపిక గుర్తు స్థానం మీద లేదు. ప్రతి కుటుంబానికీ సంఘంలో చేరిన రోజున ఇచ్చిన సభ్యత్వ సంఖ్య మీద ఉంది. పాత లెడ్జరు నిండి కొత్త లెడ్జరులోకి ఖాతాలు ఎక్కించినప్పుడు పుట సంఖ్య మారుతుంది గాని ఖాతా సంఖ్య మారదు. ఇదీ అంతే. పేర్లను ఏ క్రమంలో మార్చినా, వెతుకుడు గడిలో నాలుగు అక్షరాలు వేసి జాబితాను కుదించినా, మధ్యలో పదిమందిని చేర్చినా, పసుపు తన మనిషిని వదలదు. ఆండ్రాయిడ్‌లో ఎంపికల కోసమే విడిగా ఒక సహాయక భాగం ఉందట. అది కూడా మొదట అడిగేది ప్రతి పేరుకూ ఒక కీ. దాన్నే గుర్తుపెట్టుకుంటుంది.

ఇప్పటి కొత్త పద్ధతుల్లో, అంటే జెట్‌ప్యాక్ కంపోజ్, ఫ్లట్టర్ వంటి వాటిలో, వరసకు చేత్తో రంగు పూసే పని ఉండదు. "ఎంపికైతే ఇలా, కాకపోతే ఇలా" అని ముందే వర్ణించి పెడతారు. కాబట్టి నా ఎర్ర దారం తప్పు చాలావరకు తగ్గుతుందట. కానీ స్థానాన్ని నమ్ముకునే తప్పు అక్కడా చేయవచ్చు. వాటిలోనూ ప్రతి పేరుకూ ఒక కీ ఇవ్వడానికి వీలు పెట్టింది అందుకే. పనిముట్లు మారినా జాగ్రత్త మారదని నాకు అర్థమైంది.

మరికొన్ని చిన్న మార్పులు నేను అడిగి చేయించుకున్నాను. వేలు పెట్టిన క్షణంలో వరస ఒకసారి తళుక్కుమనడం వేరు, ఎంపికై పసుపుగా నిలవడం వేరు. మొదట్లో ఆ రెండూ దాదాపు ఒకే రంగులో ఉండి నన్ను తికమక పెట్టేవి. ఇప్పుడు తళుకు బూడిద రంగు. రెండోది, రంగు ఒక్కటే చాలదు. ఎండలో తెర మీద లేత పసుపు, తెలుపు ఒకటిగానే కనపడతాయి. రంగులు సరిగ్గా ఆనని కళ్లు మా కార్యవర్గంలోనే ఉన్నాయి. అందుకని పేరు పక్కన ఒక టిక్కు గుర్తు కూడా పడుతుంది. చూపు లేనివారికి ఫోను పేరు చదివి వినిపించేటప్పుడు, ఎంపికైనదని కూడా చెబుతుంది. మూడోది, ఫోన్ అడ్డంగా తిప్పితే ఆండ్రాయిడ్ మామూలుగా ఆ తెరను మళ్లీ మొదటి నుంచి నిర్మిస్తుందట. ఆ సందర్భంలో ఎంపికలు చెదరకుండా విడిగా దాచేటట్టు చేసింది. 30 పేర్లు ఎంచాక ఫోను జారి పక్కకు తిరిగితే మళ్లీ మొదటికి రావడం ఎంత ఉసూరుమనిపిస్తుందో నేను అనుభవించాను.

ఇవన్నీ అయ్యాక టీచరమ్మగారి ఇంటికి వెళ్లాను. అమ్మాయి కూడా వస్తానంది. క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్లినవాణ్ణి, సగం భయంతో సగం సిగ్గుతో యాప్ సంగతంతా చెప్పుకొచ్చాను. పాత విద్యార్థి వంక చెప్పినప్పుడు విన్నట్టే ఆమె కళ్లద్దాలు తీసి శ్రద్ధగా విన్నది. ఫోను చేతిలోకి తీసుకుని తన పేరు మీద వేలు పెట్టి పసుపు చేసింది, మళ్లీ తెలుపు చేసింది. తరవాత అంది:

"నాయనా, మా తరగతిలో కొత్త పిల్లవాడు చేరితే ఆ బెంచీలో అందరూ ఒకరొకరు జరిగి చోటిస్తారు. అందుకే హాజరు వేసేటప్పుడు మేము బెంచీలు లెక్కపెట్టం. పేరు పిలుస్తాం. పిల్లవాడు పలికితేనే గుర్తు వేస్తాం. మీరు పేరు పిలవలేదు, అంతే."

మా అమ్మాయి నా వైపు చూసింది. రెండు నెలలుగా మేమిద్దరం ఫోను ముందు పెట్టుకుని పడిన తంటా అంతా ఆ నాలుగు మాటల్లో ఉంది. అదీకాక, మేము చేయనిది కూడా ఉంది. జాబితా పంపేముందు ఎవరూ పేర్లు చదవలేదు. బ్యాంకులో ఒకరు రాసింది ఇంకొకరు చూసి సంతకం పెట్టనిదే ఒక్క రూపాయి కదలదు. ఇక్కడ ఎంచిందీ నేనే, పంపిందీ నేనే, 38 అనుకున్నదీ నేనే.

ఇంటికి వస్తూ దారిలోనే అమ్మాయి చివరి మార్పు ఆలోచించింది. ఇప్పుడు మా యాప్‌లో పంపే మీట నొక్కగానే జాబితా వెళ్లిపోదు. ఎంచిన పేర్లు మాత్రమే విడిగా ఒక తెర మీదికి వస్తాయి. అవి కార్యవర్గంలో ఇంకొకరి ఫోనుకు వెళతాయి. ఆ రెండో మనిషి చూసి సరేనంటేనే కుర్రవాళ్లకు చేరుతుంది.

2025లో ఉగాది మార్చి 30, ఆదివారం. విశ్వావసు నామ సంవత్సరం. ముందు రోజు సాయంత్రం సంఘం హాల్లో కూర్చున్నాం. ఆ ఏడు 41 పేర్లు. ఈసారి లెక్క చూసి ఊరుకోలేదు. నేను ఒక్కొక్క పేరు పైకి చదివాను. ఆ వీధిలో పంచే కుర్రవాడు "నాది" అని పలికాడు. కార్యదర్శిగారు తన ఫోన్‌లో చూసుకుంటూ తలూపారు. మొత్తం పదిహేను నిమిషాలు పట్టింది. మధ్యలో ఒక పేరు దగ్గర ఒక కుర్రవాడు, "ఆయన పోయిన నెల మైసూరు వెళ్లిపోయారండీ, కూతురి దగ్గరికి," అన్నాడు. ఏ యాప్ చెప్పగలదు ఆ సంగతి?

టీచరమ్మగారి క్యారియర్ నేనే పట్టుకెళ్లాను. పన్నెండు కాకముందే. తలుపు తీసి నవ్వింది. "పిలిచారా నా పేరు?" అంది. "పిలిచామండీ. ముప్పై తొమ్మిదోది," అని నోరు జారాను. "మళ్లీ స్థానం చెబుతున్నావు," అని కోప్పడింది. ఇద్దరం నవ్వుకున్నాం.

షోలాపూర్‌లో, బరంపురంలో, చెన్నైలో, యానాంలో ఈ పత్రిక చదివే ఇళ్లలో ఇలాంటి జాబితా ఎవరో ఒకరి చేతిలో ఉండే ఉంటుంది. మీ పిల్లలు దాన్ని ఫోన్లో పెట్టి పసుపు రంగో ఆకుపచ్చ రంగో వేసి చూపిస్తే ముచ్చటపడండి. ఆపైన రెండు పనులు చేయండి. ఒక పేరు ఎంచి, జాబితాను చివరిదాకా జరిపి వెనక్కి రండి. తరవాత పైన ఒక కొత్త పేరు చేర్చి, గుర్తు ఎవరి దగ్గర నిలిచిందో చూడండి. నిలవకపోతే పిల్లల్ని కోప్పడకండి. నా టోకెన్ కథ చెప్పండి. నిలిచినా సరే, పంపేముందు ఒక్కసారి పేర్లు పైకి చదవండి. పట్టుచీర కట్టుకుని తలుపు వైపు చూస్తూ కూర్చునేది వరస కాదు, మనిషి.